అప్‌డేట్: ఎండిపోయిన సీసాలు, తెల్లబడిన గవ్వలు

మూడు నెలల క్రితం అడిగాను కదా, మా కాలేజీ జువాలజీ మ్యూజియం బాధ్యత నాకు అప్పగించారని, చాలా సీసాల్లో ఆల్కహాల్ ఆవిరైపోయిందని, గవ్వల మీద తెల్లటి పొడి పట్టిందని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

గవ్వల మీద ఉన్నది బూజు కాదు, మీలో ఒకరు చెప్పిన బైన్ వ్యాధే. పేరుకే వ్యాధి. చెక్క బీరువా నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి గవ్వలోని కాల్షియం కార్బొనేట్‌ను తినేస్తుంది. కడిగి, బాగా ఆరబెట్టి స్టీలు బీరువాలోకి మార్చాం.

ఎండిన పీతలు ట్రైసోడియం ఫాస్ఫేట్ పలచటి ద్రావణంలో నానాక మెత్తబడ్డాయి. తర్వాత కడిగి, ఆల్కహాల్ గాఢతను మెల్లగా 70 శాతానికి పెంచాను. ఒక్కసారిగా పోస్తే ముడుచుకుపోతాయి.

బాధంతా సముద్ర దోసకాయల (దోసకాయలా ఉండే సముద్ర జీవుల) గురించే. ఎప్పుడో ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే రసాయన ద్రావణంలో) వేసి అలాగే వదిలేశారు. అది ఆమ్లంగా మారి, చర్మంలోని సన్నటి సున్నపు ముక్కల్ని కరిగించేసింది. జాతిని గుర్తుపట్టేది ముఖ్యంగా ఆ ముక్కల ఆకారం చూసే! మైక్రోస్కోప్ కింద ఏమీ కనిపించనప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో (గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో) చేర్చారు కాబట్టి అనుమతి లేకుండా కొత్తవి తెచ్చుకోలేం.

అయినా పారేయలేదు. లోపలి పాత లేబుళ్ల మీద పెన్సిల్‌తో రాసిన ఊరు, తేదీ ఇంకా చదవగలుగుతున్నాం. ఆ చీటీలు తీయకుండా, పక్కనే కొత్తవి పెడుతున్నాను. ఇప్పుడు రిజిస్టర్‌తో సరిచూసే పని మొదలైంది.