అలబామా చరిత్రలో ముందుగా తెలుసుకోవలసిన ఘట్టమేది?

ప్రశ్న: 1819 డిసెంబరు 14న అమెరికాలో 22వ రాష్ట్రంగా చేరిన అలబామా చరిత్రను చదవడం ఈమధ్యే మొదలుపెట్టాను. అందులో దేనితో ఆరంభించాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1: అలబామా రాజధాని మాంట్‌గోమరీలో జరిగిన బస్సుల బహిష్కరణతో మొదలుపెట్టండి. బస్సులో తెల్లజాతి ప్రయాణికునికి సీటు ఇవ్వనందుకు 1955 డిసెంబరు 1న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ అరెస్టయ్యారు. ఆ తరువాత నల్లజాతి ప్రజలు 381 రోజుల పాటు బస్సు ఎక్కకుండా, కొందరు మైళ్ల కొద్దీ నడిచి, మరికొందరు తోటివారి కార్లలో సర్దుకుని పనులకు వెళ్లారు. ఎండనకా వాననకా సాగిన ఆ నడకలోని ఓర్పును తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కదిలిపోతుంది. చివరకు బస్సుల్లో జాతివేర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పు అమలైంది.

జవాబు 2: నా దృష్టిలో అలబామాలోని సెల్మా పట్టణంలో జరిగిన ఊరేగింపు అంతకన్నా ముఖ్యం. 1965 మార్చి 7న నల్లజాతివారి ఓటు హక్కు కోసం బయలుదేరిన సుమారు 600 మంది ఎడ్మండ్ పెటస్ వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలను టీవీలో చూసి దేశం నివ్వెరపోయింది. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశారు.

జవాబు 3: రైతుల కథను కూడా వదలకండి. ముక్కుపురుగు పత్తిని నాశనం చేయడంతో వేరుశనగకు మళ్లి బాగుపడిన ఎంటర్‌ప్రైజ్ పట్టణం, 1919లో ఆ పురుగుకే స్మారకం కట్టింది. అక్కడి స్త్రీమూర్తి రెండు చేతులతో పురుగు బొమ్మను తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది.