ఎనిమిది నెలల బాబుకి ఎగ్జిమా: కవిటిలో ఒకలా, విజయనగరంలో ఒకలా

కవిటి కోడలు:
బాబుకి ఎనిమిదో నెల. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద, మంట పుట్టే జబ్బు) అని పిల్లల డాక్టరు తేల్చారు. బుగ్గలు, చేతుల పైవైపు, పిక్కల మీద ఉంది. నెలలో సగం రోజులు కవిటి దగ్గర అత్తవారింట్లో, సగం విజయనగరం ఫ్లాట్లో ఉంటాం. ఊళ్లో రేకుల ఇల్లు, బోరు నీళ్లు, ఒకటే ఉక్క. అక్కడ మెడ మడతల్లో సన్న పొక్కులు లేస్తున్నాయి. ఫ్లాట్లో రాత్రంతా ఏసీ 22లో ఉంటుంది, తెల్లారేసరికి బుగ్గలు గరుకుగా పగిలి ఉంటాయి. రెండు చోట్లా పూసేది పెట్రోలియం జెల్లీయే, రెండు పూటలా. మంట తగ్గించే స్టెరాయిడ్ మందు, హైడ్రోకార్టిసోన్ 1 శాతం ట్యూబు రాశారు గానీ భయమేసి సరిగా వాడలేదు. అత్తమ్మ ఇది గజ్జి, నలుగు పెట్టమంటున్నారు. ఏ ఇంట్లో ఏం మార్చాలి?

పిల్లల వార్డు నర్సు, శ్రీకాకుళం:
అమ్మా, మెడ మడతల్లోవి చెమటకాయలే అయ్యుండొచ్చు. ఉక్కలో జెల్లీ మందంగా పూస్తే చెమట బయటికి రాక పొక్కులు లేస్తాయి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పగలు తేమనిచ్చే పూతల్లో క్రీము రకం పూయండి, అది ఇంకిపోతుంది. జెల్లీ రాత్రిపూట పిక్కలకీ చేతులకీ మాత్రం, పల్చగా. మెడకి జెల్లీ వద్దు, పౌడరూ వద్దు. చెమట పట్టినప్పుడల్లా తడిగుడ్డతో తుడిచి, పాత నూలు పంచె ముక్కతో అద్దండి, రుద్దకండి. చెమట ఆరిపోయి ఉప్పు చర్మం మీద నిలిస్తే దురద రేగుతుంది.

ఫ్లాట్లో దీనికి తలకిందులు. ఏసీ గాలి చర్మంలోని తడిని లాగేస్తుంది. 26కి పెంచండి, గాలి బాబు మీదికి నేరుగా తగలకుండా మంచం జరపండి. అక్కడ జెల్లీయే మంచిది: స్నానం అయ్యాక ఒకసారి, పడుకోబెట్టే ముందు ఒకసారి. మధ్యలో డైపరు మార్చినప్పుడల్లా బుగ్గల మీద వేలి వెనకవైపు ఆనించి చూడండి. గరుకు తగిలితే మళ్లీ పూయండి.

తేమ పూత (క్రీము, జెల్లీ కలిపి) వారానికి 100 గ్రాములైనా కావాలి. 50 గ్రాముల ట్యూబు నెలంతా వస్తోందంటే బాబుకి అందుతున్నది చాలడం లేదు. డబ్బాలో వేలు పెట్టకండి, క్రిములు చేరతాయి. చెంచాతో తీయండి.

స్నానం రోజుకి ఒకటి, 5 నుంచి 10 నిమిషాలు, గోరువెచ్చని నీళ్లు. తడి అద్దిన 3 నిమిషాల్లోపు పూత పడాలి. నలుగు పెట్టొద్దు: పిండి రుద్దితే అసలే పల్చబడిన పైపొర గీరుకుపోతుంది. వేపాకు నీళ్లు, పసుపు కూడా పుండు మీద మంట పెడతాయి. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు. పగిలిన చర్మానికి వేరుశనగ నూనె అసలే వద్దు, ఆ దారినే వేరుశనగ అలర్జీ పుట్టే ప్రమాదం ఉంది. కొబ్బరినూనె పూయొచ్చు గానీ, క్రీము మానేసి కాదు.

బోరు నీళ్లలో మామూలు సబ్బు సరిగా నురగ రాదు, ఎంత కడిగినా జిడ్డులా చర్మానికి పట్టి ఉంటుంది. సబ్బు కాని క్లెన్సరు వాడండి, అదీ మురికి పట్టినచోటే. నీళ్లని మెత్తబరిచే యంత్రం మీద డబ్బు పెట్టకండి. ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో పెట్టి పరీక్షించి చూస్తే, చర్మానికి అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఉయ్యాలకి పాత నూలు చీరే కట్టండి, నైలాన్ వద్దు. కొబ్బరి పీచు పరుపు మీద నేరుగా పడుకోబెట్టకండి. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ మాని దోమతెర కట్టండి.

మందుల షాపు ఫార్మసిస్టు:
ఆ ట్యూబు గురించి. హైడ్రోకార్టిసోన్ 1 శాతం తక్కువ బలం ఉన్న స్టెరాయిడే. భయపడి మధ్యలో ఆపడం వల్లే మంట సగం తగ్గి మళ్లీ లేస్తుంది. కొలత ఇదీ: పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఈ వయసులో ముఖం, మెడ మొత్తానికి ఇంచుమించు ఒక కొలత, ఒక చేతికి ఒకటి, ఒక కాలికి ఒకటిన్నర. మచ్చ ఉన్నంత మేరే పూయాలి కాబట్టి మీకు అంతకన్నా తక్కువే పడుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ పూయండి. ఈ మందుకీ తేమ పూతకీ మధ్య 20, 30 నిమిషాలు ఎడం ఉంచండి, లేకపోతే మందు పల్చబడిపోతుంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. చీటీ లేకుండా "గజ్జికి, తామరకి" అని అడిగి కొనే కలగలుపు ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసోల్, బీటామెథసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. పసిబిడ్డ ముఖానికి అవి పూయకూడదు, చర్మం పల్చబడిపోతుంది.

కవిటి కోడలు:
తగ్గినచోట తెల్ల మచ్చలు పడ్డాయి. బొల్లి అని అత్తమ్మకి దిగులు. ఇంకోటి, మా ఇంట్లో జీడిపిక్కలు కొడతారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పిల్లల వార్డు నర్సు, శ్రీకాకుళం:
ఎగ్జిమా మానినచోట రంగు కొంత తగ్గడం మామూలే, కొన్ని నెలల్లో కలిసిపోతుంది. బొల్లి మచ్చ పాలలా తెల్లగా, అంచు స్పష్టంగా ఉంటుంది. మన పిల్లల ఒంటిరంగులో మంట ఎర్రగా కనబడకపోవచ్చు, ముదురుగా, బూడిదరంగులో ఉంటుంది. అందుకే చూపు కన్నా చేతి స్పర్శని నమ్మండి. గజ్జి అయితే ఇంట్లో మిగతావాళ్లకీ రాత్రుళ్లు దురద ఉంటుంది, పసివాళ్ల అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వస్తాయి. అలా ఉంటే ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం చేయించాలి.

జీడిపిక్కల సంగతి మంచి ప్రశ్నమ్మా. పిక్క చిప్పలో ఉండే నూనె ఆరోగ్యమైన చర్మాన్నే పొక్కిస్తుంది. ఆ చేతులతో, ఆ చీరకొంగుతో బాబుని ఎత్తుకోవద్దు. పని అయ్యాక చేతులకి వంటనూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగి, చీర మార్చుకున్నాకే దగ్గరికి తీసుకోమనండి. బాబు పాకే నేల మీద చిప్పలు ఆరబెట్టొద్దు.

బాబుకి పాలిస్తున్నా మీకు పథ్యం అక్కర్లేదు. వంకాయ, చేప మానినంత మాత్రాన బాబు చర్మం మారదు. బాబుకి గుడ్డు, వేరుశనగ మీ అంతట మీరు ఆపేయకండి, ఇంకా పెట్టకపోతే మొదలుపెట్టడం గురించి డాక్టర్ని అడగండి.

తేనెరంగు పక్కు కట్టి రసి కారితే మర్నాటికల్లా చూపించండి. జ్వరంతో పాటు గుండుసూదితో పొడిచినట్టు చిన్న గుంటల పుళ్లు గుంపుగా లేస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అది హెర్పిస్ వైరస్ పాకడం కావచ్చు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.