పాత జిన్నింగ్ మిల్లులో ఫ్లాట్ కొనొచ్చా? గోడ, చిమ్నీ, కాగితాల గురించి సలహా కావాలి

కాశిబుగ్గ వాసి:
అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఒక పాత జిన్నింగ్ మిల్లును (పత్తి నుంచి గింజలు తీసేది) అపార్ట్‌మెంట్లుగా మార్చి అమ్ముతున్నారు. ఇటుక గోడలు, ఇనుప దూలాలు, చిమ్నీ అలాగే ఉంచారు. బ్రోచర్‌లో "నిజాం కాలం నాటి హెరిటేజ్" అని రాశారు. నాన్నకు తెగ నచ్చింది, టెన్షన్ అంతా నాకే. నిజంగా అంత పాతదేనా? ఒక ఫ్లాట్‌లో అప్పుడే గోడ అడుగున పెయింట్ పెచ్చులూడుతోంది. రేపు చిమ్నీకి ఏమైనా అయితే ఖర్చు ఎవరిది?

మట్టెవాడ పెద్దాయన:
మన ఊళ్లో ఏ పాత షెడ్డు చూపించినా నిజాం కాలమే అంటారు. ఆజంజాహి బట్టల మిల్లుది వేరే లెక్క. దాన్ని 1934లో ఏడో నిజాం పెట్టించి పెద్ద కొడుకు పేరు పెట్టాడు, అది అందరికీ తెలిసిందే. ప్రైవేటు జిన్నింగ్ మిల్లు వయసు మాత్రం కాగితాల్లోనే వెతకాలి. ఆన్‌లైన్ ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్‌లో, 1983 నుంచే కనిపిస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టు, లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు) బిల్డర్‌ను అడుగు. నిజాం నాటి రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లు.

సివిల్ అన్న, హన్మకొండ:
దూలాల మీద కంపెనీ ముద్ర చూడండి. డోర్మన్ లాంగ్ అనో, టాటా అనో ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. అది ఇనుము వయసు చెబుతుంది, భవనం వయసు కాదు. పాత గర్డర్లు ఒకచోట పీకి మరోచోట వేయడం మామూలే.

ఇక పెయింట్. అది డంగు సున్నంతో, అంటే సిమెంట్ బదులు ఇసుకతో కలిపి రుబ్బిన సున్నంతో, కట్టిన గోడ అయ్యుంటుంది. అతుకుల్లో మేకుతో గీకితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటి గోడ నేలలోంచి చెమ్మ పీల్చి గాలికి ఆరిపోతుంది. పైన సిమెంట్ ప్లాస్టర్, పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. ఉప్పు పేరుకుని పొరంతా ఊడుతుంది. వాటర్‌ప్రూఫ్ కోటు వేస్తామని బిల్డర్ అంటే ఒప్పుకోకండి, చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. సిమెంట్ పొర తీయించి, సున్నంతోనే పూత పూయించి, చుట్టూ వాన నీళ్లు నిలవకుండా చూసుకోవాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. టీవీ, గీజర్ బిగించేటప్పుడు బోల్ట్ అతుకులో కాకుండా ఇటుకలో పడాలి.

కాశిబుగ్గ వాసి:
థ్యాంక్స్ అన్నా. రెరా (ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గురించి అడిగితే "పాత బిల్డింగే కదా, రిపేరే కదా, అక్కర్లేదు" అంటున్నారు.

దస్తావేజు రైటర్:
ఆ మాట నమ్మకండి. ప్రకటన ఇవ్వకుండా, కొత్తగా ఎవరికీ అమ్మకుండా చేసుకునే మరమ్మతులకే ఆ మినహాయింపు. వీళ్లు బ్రోచర్ వేసి అమ్ముతున్నారు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉంటే స్వాధీనం ఇచ్చాక ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడినా బిల్డర్ ఉచితంగా బాగు చేయాలి.

హెరిటేజ్ అని బ్రోచర్‌లో ఎవరైనా రాసుకోవచ్చు. ప్రభుత్వ జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఉంటే రేపు కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి.

చిమ్నీ సంగతి సేల్ అగ్రిమెంట్‌లో రాయించాల్సిందే. కామన్ ఏరియాలో చేరిస్తే అది అందరి ఆస్తి, ఖర్చూ అందరిదే. బిల్డర్ తన పేరున ఉంచుకుంటే రేపు దాని మీద హోర్డింగ్ పెట్టి అద్దె తింటాడు, పగుళ్ల సంగతి మీకు వదిలేస్తాడు.

సివిల్ అన్న, హన్మకొండ:
చిమ్నీకి మొలిచిన రావి మొక్కలు, పిడుగును నేలలోకి దింపే తీగ, ఒరుగు కూడా చూపించుకోండి. స్ట్రక్చరల్ ఇంజినీర్ రిపోర్ట్ బిల్డర్ ఇచ్చింది కాకుండా మీరు డబ్బు పెట్టి తెప్పించుకున్నది అయితే మంచిది. అది వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.