‘ఏకగ్రీవం’ ఏ సందర్భానికి తగిన మాట?

పోటీ లేకుండా సర్పంచి అయినవారిని ‘ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు’ అనడం సరైనదేనా అని ఒక సభ్యులు అడిగారు. వాడుక స్థిరపడింది గనుక తప్పని అనలేను. కానీ రెండు వేర్వేరు సంగతులు ఆ ఒక్క మాటలో కలిసిపోవడం వల్ల మనకు నష్టమే జరిగిందని నా అభిప్రాయం.

గ్రీవమంటే మెడ. రావణుణ్ణి దశకంఠుడనీ దశగ్రీవుడనీ కూడా అంటాం కాబట్టి, ఏకగ్రీవాన్ని ఏకకంఠానికి సాటిమాటగా, అందరూ ఒకే గొంతుతో పలకడంగా తీసుకోవచ్చు. అలా పలకాలంటే ముందు పదిమందీ ఒకచోట చేరి మాట్లాడుకోవాలి.

మా ఊరి గ్రామసభలో ఒకసారి, కార్యదర్శి సిమెంటు రోడ్డు అంశం చదువుతుండగా, చివరి వీధి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, ముందు తమ వీధికి మంచినీటి గొట్టం వేయించమన్నారు. అరగంట వాదన జరిగాక, రోడ్డు కోరినవారే గొట్టానికి ఒప్పుకున్నారు. అప్పుడు తీర్మానాల పుస్తకంలో ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాశారు. అక్కడ ఆ మాట నిండుగా ఉంది.

బ్యాలెట్ దారి వేరు. తెర చాటున ముద్ర వేసే మనిషి ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. భూస్వామి ఎదుట సభలో నోరు విప్పలేని కూలీకి ఆ చాటే రక్షణ. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవారందరితో కూడినదే గ్రామసభ, అంటే సభలో మాట్లాడవలసినవారే పెట్టెలో ఓటు వేయవలసినవారు కూడా.

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి ఒక్క అభ్యర్థే మిగిలితే, ఓటు వేసే అవకాశం ఎవరికీ రాదు, సభలో చర్చ జరగాలన్న నియమమూ లేదు. ఊరు నిజంగా కూర్చుని ఒప్పుకున్న చోట్లూ ఉన్నాయి, పదవిని వేలం వేసిన చోట్లూ ఉన్నాయి. పత్రికల్లో రెండింటికీ ఒకటే పేరు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు కూడా వాడిన మాట ‘ఏకగ్రీవ పంచాయతీ’యే.

హిందీలో పోటీ లేని ఎన్నికకు ‘నిర్విరోధ్’ అనీ, కన్నడంలో ‘అవిరోధ ఆయ్కె’ అనీ అంటారు. అందరి సమ్మతికి వారికి వేరే మాటలున్నాయి. మనమూ ‘పోటీ లేని ఎన్నిక’ అని తేటగా రాసి, ఏకగ్రీవాన్ని సభా తీర్మానాలకు ఉంచుకుందామని నా ప్రతిపాదన. మీ ప్రాంతాల్లో పెద్దలు దీనికి వేరే మాట వాడుతుంటే దయచేసి తెలియజేయండి.