"నాలో నీవేల తొందరపడుచున్నావు": ఇక్కడ తొందర అంటే త్వరేనా?

సభ్యులందరికీ నమస్కారం. బైబిల్లో 42వ కీర్తన 5వ వచనం గురించి ఒక సందేహం. మన ఇళ్లలో ఉండే పాత అనువాదంలో ఇలా ఉంటుంది:

"నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు? నాలో నీవేల తొందరపడుచున్నావు? దేవునియందు నిరీక్షణ యుంచుము."

ఈమధ్య ఒక కూడికలో ఈ వాక్యం మీద ప్రసంగం విన్నాను. మొత్తం తొందరపాటు గురించే సాగింది. ఏశావు ఆకలికి ఆగలేక చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు, సౌలు సమూయేలు వచ్చేదాకా ఆగలేక దహనబలి తానే అర్పించేశాడు, శారా వాగ్దానం కోసం కనిపెట్టలేక హాగరును ముందుకు తెచ్చింది. ఆ వరుసలో ఈ వచనం కూడా వచ్చి చేరింది. అందరం ఆమేన్ అన్నాం. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకావిడ నా పక్కకొచ్చి మెల్లగా అంది: "నేను దేనికి తొందరపడుతున్నానో నాకే తెలీడం లేదు వదినా. పొద్దున లేవడానికే ఒళ్లు రావట్లేదు."

మంచం దిగడానికే సత్తువ లేని మనిషికి తొందరేమిటి? క్రుంగిపోవడం, తొందరపడడం రెండూ పక్కపక్కన ఎలా కుదిరాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (బెంగళూరు నుంచి):
అక్కా, నేనిక్కడ ఆటో ఎక్కినా, బ్యాంకుకు వెళ్లినా వినే మాట "తొందరె ఇల్ల". ఇబ్బందేమీ లేదని. కన్నడంలో తొందరె అంటే చిక్కు, బాధ, ఇబ్బంది. త్వర అనే అర్థమే లేదు. తమిళంవాళ్ల తొందరవు కూడా అంతే, "తొందరవు పణ్ణాదే" అంటే విసిగించకు అని. తెలుగులో కూడా ఆ అర్థం ఉండేది. మనం వాడుకలో త్వరను ఉంచుకుని బాధను వదిలేశాం. బైబిల్లో ఆ పాత అర్థం అలాగే నిలిచిపోయింది.

జవాబు:
పాదిరీ దొరల తెలుగు కదండీ అది. మాట సరిగ్గా తెలియక వేసి ఉంటారు. దానికింత తవ్వకం అవసరమా?

జవాబు (సెమినరీలో హీబ్రూ, గ్రీకు చదువుకున్నవాణ్ణి):
అంత తేలిగ్గా తీసెయ్యకండి మాస్టారూ. 1805లో క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నంలో దిగిన నాటినుంచీ ఈ అనువాదం పనిలో తెలుగు పండితులున్నారు, ఆనందరాయరు పేరు ఆ చరిత్రలోనే ఉంది. మన చేతిలోని అనువాదం ఆ తర్వాత ఎందరి చేతులో మారి వచ్చింది. సరే, చరిత్ర పక్కనపెట్టి పుస్తకమే తీయండి.

మత్తయి 26లో ఒక స్త్రీ అత్తరు తెచ్చి యేసు తలమీద పోస్తుంది. శిష్యులు ఈ నష్టమెందుకని కోప్పడతారు. అప్పుడాయన "ఈమెనేల తొందరపెట్టుచున్నారు?" అంటాడు. అక్కడ ఆమెను త్వరగా కానివ్వమన్నవాళ్లెవరూ లేరు. నొప్పిస్తున్నారు, అంతే. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతి "ఈ విధవరాలు నన్ను తొందరపెట్టుచున్నది" అని విసుక్కుంటాడు. ఈ రెండుచోట్లా గ్రీకులో ఉన్నది ఒకే పలుకుబడి, శ్రమ కలిగించడమని. తెలుగులోనూ రెండుచోట్లా ఒకే మాట వేశారు. మాట తెలియనివాళ్లు చేసే పని కాదిది.

ఇక మన కీర్తనలో తొందరపడుచున్నావు అన్నచోట ఉన్న హీబ్రూ క్రియ హామా. అది మోత, హోరు, కల్లోలం. యెషయా 59:11లో ఎలుగుబంటి అరుపుకు అదే వాడారు. 46వ కీర్తనలో సముద్రానికీ అదే, అక్కడ మనవాళ్లు "జలములు ఘోషించుచు" అన్నారు. అంటే కవి తన ప్రాణాన్ని అడుగుతున్నది నాలో ఎందుకిలా హోరెత్తుతున్నావని. రెండు వచనాల తర్వాత ఎలాగూ "కరడు కరడును పిలుచుచున్నది", "నీ అలలన్నియు నీ తరంగములన్నియు నా మీదుగా పొర్లి పారియున్నవి" అని నీళ్లే వస్తాయి. కరడు అంటే అల.

జవాబు (తెలుగు చెప్పే టీచర్ని):
మరి మార్త సంగతో? యేసు ఆమెతో అన్నది చూడండి: "మార్తా, మార్తా, నీవనేకమైన పనులనుగూర్చి విచారముకలిగి తొందరపడుచున్నావు." ఇంటికి చుట్టాలొస్తే ఆడవాళ్లు వంటింట్లో పడే హడావుడే కదా ఇది? ఇక్కడ త్వర అనే అర్థమే బాగా కుదురుతోంది.

జవాబు (సెమినరీ):
కుదురుతోంది కాబట్టే అక్కడ మనకు అనుమానం రాదండీ. గ్రీకు మాటకు మూలం గందరగోళం, గలభా. మార్త చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయన్నది ఆయన పట్టించుకోలేదు, లోపల ఏం జరుగుతోందో అది చెప్పాడు. నెమ్మదిగా వండుతూ కూడా అలా ఉండొచ్చు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా చూడకుండా ఎటో చూస్తూ నిలబడిపోయేవాళ్లు మనకు తెలియరా?

జవాబు:
ప్రసంగం చేసిన అయ్యగారిని మరీ తప్పుపట్టకండి. పక్కనే ఉన్న "నిరీక్షణ" కూడా చూడండి. చర్చి బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు, లోపల ఆశాభరోసా. బస్సు కోసం నిరీక్షించేవాడికి, దేవునియందు నిరీక్షణ ఉంచేవాడికి ఒకటే మాట. మొదటి వాక్యంలో తొందర, రెండో వాక్యంలో ఎదురుచూపు కనిపిస్తే ఎవరైనా "ఆగు, ఓపిక పట్టు" అనే చదువుకుంటారు. పైగా హీబ్రూ మాటలోనూ ఆశ, కనిపెట్టుకుని ఉండడం రెండూ ఉన్నాయంటారు. సగం దారి అయ్యగారు సరిగ్గానే నడిచారు.

ప్రశ్న వేసినదాన్ని మళ్లీ వచ్చాను:
అందరికీ వందనాలు. ఆ సగం దారి మాటకు ఒప్పుకుంటాను. కానీ మిగతా సగంలోనే నా బాధంతా ఉంది. తొందరను త్వర అని చదివితే ఈ వచనం మందలింపు అవుతుంది: నీకు ఓపిక లేదు, అందుకే ఇలా అయ్యావు. హోరు అని చదివితే అది ఒక మనిషి తనతో తాను మాట్లాడుకోవడం అవుతుంది.

మీ జవాబులు చదివాక రాత్రి కూర్చుని 42, 43 కీర్తనలు కలిపి చదివాను. 43కి పైన శీర్షిక లేదు, రెండూ ఒకే పాట అని పెద్దలు చెప్పేది అందుకే. ఈ పల్లవి మూడుసార్లు వస్తుంది: 42:5, 42:11, 43:5. మొదటిసారి "దేవునియందు నిరీక్షణ యుంచుము" అనుకున్నాక వెంటనే ఏముందో చూడండి. మళ్లీ క్రుంగడమే, ఆ అలలే, శత్రువుల నిందే. రెండోసారి చెప్పుకున్నాక కూడా "నీవు నన్ను ఎందుకు త్రోసివేసితివి" అనే అడుగుతాడు. ఒక్కసారి వాక్యం ఎత్తగానే తేలికపడాలని మనం ఎదుటివాళ్ల మీద పెట్టే గడువు ఈ పాటలో లేదు. కన్నీళ్లు అన్నపానములాయెనని చెప్పినవాడి పాటను మందిర గాయకులైన కోరహు కుమారులు ప్రధానగాయకుడి చేతికిచ్చి, మందిరంలో అందరిచేతా పాడించారు. మన కూడికల్లో సాక్ష్యం చెప్పాలంటే కష్టం తీరిపోయి ఉండాలి. తీరని కష్టాన్ని సాక్ష్యంగా చెప్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి. వచనం మొదలయ్యేది "నా ప్రాణమా" అని. నేను నాతో అనుకునే మాట. దీన్ని "చెల్లీ, నీవేల క్రుంగియున్నావు" అని ఎదుటివాళ్ల మీదికి తిప్పితే వ్యాకరణమే మారిపోతుంది, అడిగినవాడు న్యాయాధిపతి అయి కూర్చుంటాడు. పరామర్శకు వెళ్లినప్పుడు మనం చేసేది అదే.

జవాబు (కరీంనగర్ దిక్కు):
ప్రాణమా అన్నది మస్తు నచ్చింది. ఆత్మా అని పెట్టలే చూడుండ్రి. మా దిక్కు ఒంట్ల బాగలేకున్నా, మనసు బాగలేకున్నా "పానం మంచిగ లేదు" అనే అంటం. ఈడ ప్రాణమని పెట్టిన హీబ్రూ మాట నెఫెష్ గొంతుకకు, ఊపిరికి, మనిషికి అన్నిటికీ చెల్లుతదని విన్న. గట్లయితే పానమే సరైన మాట.

జవాబు (మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తాను):
మాది భాష పని కాదు గానీ ఒక మాట చెప్పాలనిపించింది. పేపర్లు డిప్రెషన్‌కు "కుంగుబాటు" అని రాస్తున్నాయి కదా, అది చూసినప్పుడల్లా ఈ వచనంలో క్రుంగియున్నావు అన్నదే గుర్తొస్తుంది నాకు. మా దగ్గరకొచ్చేవాళ్లు మాత్రం ఆ మాట అనరు. "ఏదీ బుద్ధి పుట్టడం లేదు", "గుండెల్లో ఒకటే దడ", "తల బరువు" అంటారు. కుంగుబాటు, దడ రెండూ ఒకే మనిషిలో ఉండడం మాకు రోజూ కనిపించేదే. అక్క అడిగిన "ఎలా కుదిరాయి" అన్న ప్రశ్నకు నా జవాబు అదే. ఒళ్లు కదలదు, లోపల హోరు ఆగదు.

విశ్వాసులు చాలామంది మందులు వేసుకుంటే నమ్మకం తక్కువైనట్టని ఆలస్యంగా వస్తారు. వాళ్లకు నేను మొదటి రాజులు 19 చెబుతాను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణము తీసికొనుమని అడిగాడు. దూత వచ్చి వాక్యోపదేశం ఏమీ చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. పడుకోనిచ్చాడు. మళ్లీ తట్టి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము" ఉంది, తిను అన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. అక్కా, ఆవిడ నిద్ర, తిండి ఎలా ఉన్నాయో ఒకసారి అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగొచ్చు, అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి. ఎప్పుడైనా 14416కు ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వం నడిపే టెలి-మానస్ అది, డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రశ్న వేసినదాన్ని:
అడిగాను చెల్లీ. నిద్ర లేదట. గురువారం డాక్టరు దగ్గరికి తోడు వెళ్తున్నాను.

జవాబు (తెలుగు టీచర్ని):
మంచి పని. నాకింకో చిన్న సందేహం. ఆ విధవరాలి ఉపమానంలోనే "మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు" అని ఉంది. ఈ గోజాడడం ఇప్పుడు ఎక్కడైనా నోట వినిపిస్తోందా? మా ఇంట్లో నసపెట్టడం అంటాం.

జవాబు (బెంగళూరు):
మా నాయనమ్మ అనేది, "ఊరికే గోజారకురా" అని. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి మేడమ్, రాయడానికి చాలా ఉంది.