సెల్చుక్ చుట్టూ ఉన్న ప్రాచీన ఆలయాలకు ఒక్క రోజు సరిపోతుందా?

ప్రశ్న (నల్లగొండ నుంచి): పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని చూస్తూ పెరిగిన మా కుటుంబం వచ్చే వేసవిలో తుర్కియే వెళుతున్నది. సెల్చుక్ పట్టణంలో ఏది ముందు చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): సరిపోతుందండీ, కానీ ఎఫెసస్ శిథిల నగరానికే సగం రోజు పోతుంది. గ్రీకు దేవత ఆర్తెమిస్ ఆలయం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటని విని ఎక్కువ ఊహించుకుని వెళ్లకండి. 1869లో తవ్వకాల్లో బయటపడిన ఆ చోట నేడు ప్రధానంగా కనిపించేది, విడి ముక్కలను పేర్చి నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం. దేవత విగ్రహాలు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి కనుక, అవి చూశాకే అక్కడికి వెళ్లడం మేలు.

జవాబు (ఆలంపూర్ నుంచి): సెల్చుక్‌లోనే ఉన్న అయాసులుక్ కొండను మాత్రం వదలకండి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ జాన్ చర్చి శిథిలాలు అక్కడ ఉన్నాయి. దాని దిగువనే, పాత కట్టడాల స్తంభాలను కూడా వాడుకుని కట్టిన ఈసా బే మసీదు 1375లో పూర్తయింది. మా ఊళ్లో నవబ్రహ్మ ఆలయాల పక్కనే దర్గా ఉన్నట్టు, అక్కడ మూడు మతాల కట్టడాలు నడక దూరంలోనే కనిపిస్తాయి. నా మటుకు నాకు ఆ మసీదే అన్నిటికంటే నచ్చింది. నమాజు వేళ తప్పించి వెళ్లండి. ఆడవారు తలపై కొంగు కప్పుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ, మ్యూజియంతోనే మొదలుపెడతాము.