ట్రామ్ అన్న మాట ఎక్కడిది? ట్రాలీ, స్ట్రీట్‌కార్ కూడా అదేనా?

పదాలపుట్ట:
వీధుల్లో పట్టాల మీద నడిచే బండికి ఒక అనువాదంలో మూడు పేర్లు తగిలాయి: ట్రామ్, ట్రాలీ, స్ట్రీట్‌కార్. బెంజమిన్ ఔట్రమ్ అనే ఇంజనీరు పేరులోని చివరి ముక్కే ట్రామ్ అయిందని ఒకచోట చదివాను. నిజమేనా? మూడింటికీ ట్రామ్ అనే రాసేయొచ్చా?

పాతనిఘంటువు:
ఔట్రమ్ కథ నిలవదు. ఆయన పుట్టింది 1764లో. 1555 నాటి ఒక ఇంగ్లండు వీలునామాలోనే దారి మరమ్మతుకు డబ్బు రాసిస్తూ ఆ దారిని ‘ట్రామ్’ అన్నారు. ఆయన ఎల్ ఆకారపు ఇనప పట్టాలతో గుర్రపు బండ్ల దారులు వేయించిన మాట నిజమే. పేరూ పనీ కలిశాయి కాబట్టి కథ అల్లుకుంది.

స్కాట్లండ్ వాడుకలో ట్రామ్ అంటే తోపుడుబండిని పట్టుకుని నెట్టే కొయ్య, దూలం. డచ్‌లోనూ, ఉత్తర జర్మనీ వాడుక అయిన ‘లో జర్మన్’లోనూ దీని చుట్టాలున్నాయి. కొయ్య పేరు బండికి వచ్చింది, తర్వాత గనుల్లో బొగ్గు మోసే చిన్న బండికి, అది నడిచే దారికి. ‘ట్రామ్‌వే’ అలా పుట్టింది. జనం ఎక్కడం ఆ తర్వాతి సంగతి: వేల్స్‌లో స్వాన్సీ దగ్గర సున్నపురాయి కోసం వేసిన లైను మీద 1807లో గుర్రాలు లాగే బండిలో ప్రయాణికులను తీసుకెళ్లారు. స్పానిష్‌లోని ‘త్రాన్‌వియా’ కూడా ట్రామ్‌వే నుంచే. ‘వే’ స్థానంలో తమ ‘వియా’ పెట్టుకున్నారు.

పట్టాలబాట:
ట్రాలీ దారి వేరు. ‘ట్రోల్’ అంటే దొర్లడం. మొదట్లో రెండు కరెంటు తీగల మీద ఒక చిన్న చక్రాల పరికరం దొర్లేది, బండి దాన్ని కేబుల్‌తో లాక్కెళ్లేది. అది తరచూ జారి కింద పడేది. అందుకే తీగను కింది నుంచి తాకే పద్ధతి గెలిచింది: బండి కప్పు మీద పొడవాటి గడ, దాని కొసన గాడి ఉన్న చక్రం, గడ అడుగున ఉన్న స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది. 1888లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఫ్రాంక్ స్ప్రేగ్ దీన్ని ఊరంతటికీ పనిచేసేలా చేశాడు. ఆ చక్రం పేరే అమెరికాలో బండికి అతుక్కుంది.

గడ ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి. బండి వెనుదిరిగినప్పుడు గడనూ తిప్పకపోతే తీగల కూడలి దగ్గర చక్రం తప్పుతుంది. తప్పిందంటే స్ప్రింగు గడను ఎగరేసి పైతీగలను కొట్టిస్తుంది. వెనకవైపు తాడు వేలాడేది అందుకే, దాన్ని లాగి చక్రాన్ని మళ్లీ తీగకు తగిలించాలి.

పదాలపుట్ట:
అయితే శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్‌ను ట్రాలీ అనకూడదన్నమాట?

పట్టాలబాట:
అనకూడదు. దానికి పైన తీగే లేదు. 1873 నుంచీ అక్కడ రోడ్డు కింద ఆగకుండా తిరిగే కేబుల్‌ను బండి పట్టుకుని నడుస్తుంది. ఆగాలంటే వదిలేసి బ్రేకు వేస్తారు.

పాతనిఘంటువు:
స్ట్రీట్‌కార్‌ను ట్రామ్ అని నిశ్చింతగా రాయండి. ట్రాలీ దగ్గర మాత్రం రచయిత దేశం చూడాలి: బ్రిటన్ రచనలో అది సామాన్లు నెట్టే బండి కావచ్చు. అమెరికా రచనలో ‘ట్రామ్‌వే’ వస్తే అది కొండ మీదికి వెళ్లే రోప్‌వే అయ్యే అవకాశం ఉంది. ట్రాలీబస్సుకు పట్టాలుండవు, రబ్బరు టైర్లు. కరెంటు తిరిగి వెళ్లడానికి పట్టా లేదు కాబట్టి దానికి రెండు తీగలు, రెండు గడలు. దాన్ని ట్రామ్ అంటే తప్పు.